నా

ఉప్పు మడులు మాగే రోజుల్లో
ఓపెన్ టెన్తు పరీచ్చ పెట్టినోడు
ఎప్పుడైనా నౌపడ వచ్చేడేటి?

టెక్కలి బస్టాండులో ముప్ఫై రూపాయల చార్టు
గంజి రాసి అరుగు గోడకి అంటించింది
మా అప్ప కూతురు ఢిల్లీశ్వరి.
నూట పద్దెనిమిది గళ్ళు, గడికో పేరు.
అడ్డంగా ఎల్తే ఒకలాగ, నిలువుగా దిగితే ఒకలాగ అంటాది.
నాకేటీ ఎక్కనేదు.
"వరస పిన్నీ, వరస" అంది.
అలాగ సెప్పు మరి.
ఎవులికి ఎవులేమౌతారో, ఎవులితో కలవొచ్చో, కూడదో,
పెళ్ళిపందిట్లో ముసిలోళ్ళు కూకుని తేల్చే లెక్కే కదా.

కుడి సివర నిలువు వరస చూపించింది.
హీలియం, నియాన్, ఆర్గాన్.
"ఈళ్ళకి అన్నీ నిండుగుంటాయి. ఎవులితోనూ కలవరు."
ఎరుగుదును.
డాబా మీంచి దిగరు.

సోడియం గుర్తు కాడ తగువాడేను.
ఎస్సు కదే రావాల, ఎన్నేటి, పక్కన బుల్లి ఏ ఏటి?
"అది పాత బాసలో పేరు. బట్టీ పట్టీ."
కూడబలుక్కుని సదివేను:
నా.
పదమూడో ఏట మడిలో దిగినాను.
ఇరవయ్యారేళ్ళు పాదాల పగుళ్ళలో అదే.
ఎప్పుడూ ఎవులూ నాది అననేదు,
ఈ కాగితం అంటంది.

"నీకు తెలిసిందే రాయి" అంటాది పిల్ల.
తెలిసింది ఇది:
సంద్రం నీరు తొలి మడిలో ఊరికే మాగుతాది.
రెండో మడిలో తెల్లటి పెంకు కడతాది,
అరికాలికి గుచ్చుకుంటాది, కూటికి పనికిరాదు.
కాల్షియం సల్ఫేటు, అని పక్కన రాసుకుంది పిల్ల.
మూడో మడిలో పువ్వు లేస్తాది.
పువ్వు తీసేక మిగిలిన నీరు నాలిక్కి తగిల్తే
పొద్దూకేదాకా సేదు.
మెగ్నీషియం, అని రాసుకుంది.
ఇన్నేళ్ళూ ఈళ్ళందరి మజ్జినే పన్జేసేను,
పేర్లు అడగనేదు.

తర్వాత బాణం.
ఎడం పక్క సోడియం, క్లోరిన్. కుడి పక్క ఉప్పు.
క్లోరిన్ ఒంటిగా తిరగదు, జోడుగానే వస్తాది.
ఒక్క సోడియం పెడితే ఒకటి అలిగి బయట నిలబడిపోద్ది.
అటు ముందర రెండు, ఇటు ముందర రెండు పెట్టేను.
ఏ పక్క లెక్కెట్టినా నాలుగే.
సరిపోనాది!
అరుగంతా ఇనబడేలాగ అన్నాను కాబోలు,
కుక్క లేచి ఎలిపోనాది.

నా పేరు తవిటమ్మ.
నా ముందు ఇద్దరు నిలవనేదని
పుట్టగానే ఎదురింటామె సేతిలో పెట్టీసి
సేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుందంట అమ్మ.
బాణానికి అటు తవుడు, ఇటు నాను.
తూకం కుదిరిందో నేదో
అమ్మ పోయేదాకా సెప్పనేదు.

నీళ్ళ లెక్క కాడ తప్పు సేసేను.
ఆక్సిజన్ సాలనేదని కిందనున్న బుల్లంకె దిద్దీసేను.
పెన్ను లాక్కుంది ఢిల్లీశ్వరి.
"ముందరంకె ఎంతకైనా మార్చు. కిందంకె ముట్టుకోకు.
ముట్టుకుంటే అది నీళ్ళు కాదు పిన్నీ,
పుళ్ళు కడిగే మందు."

మేస్త్రి పుస్తకంలో శనివారం
నా పేరు కింద తట్టలు నలభయ్యారు.
మోసినవి అరవై నాలుగు.
ఆడు దిద్దింది ముందరంకా, కిందంకా?
దిద్దితే మరోటైపోద్ది అన్నావు,
ఏది మరోటైపోనాది మరి,
ఉప్పా, మడిసా?

పిల్ల పేజీ తిప్పింది.

అంతలో వాన. కాలం కాని కాలంలో.
గోనెలు కప్పుకుని ఇద్దరం పరిగెట్టేం.
తాటాకులు పరిచీసరికి రెండు కుప్పలు సగానికి దిగిపోనాయి.
మోకాళ్ళ దాకా తెల్లనీళ్ళలో నిలబడి,
జడ పిండుకుంటూ అంటాది కదా:
"ఇది రసాయన మార్పు కాదు, భౌతిక మార్పు.
నీరెండితే ఉప్పు మళ్ళీ వచ్చీస్తాది."
"ఎవులి కూలికే?"
పుస్తకంలో ఆ ప్రశ్న నేదు.

ఇంటికొచ్చి చూస్తే చార్టు జారి
అరుగు నిండా రంగునీళ్ళు.
సూరు కిందనున్న ఆ కుడి సివర వరస
ఒక్కటే తడవనేదు.

రేపు పరీచ్చ.
దీపం దగ్గరికి జరుపు,
పొయ్యి మీద గంజి పెట్టేను.